ఒకసారికే కొత్త ముఖం

జెరూసలేంలో ఆ యూదుల వీధిలో ఎవరింట్లో పెళ్ళయినా, ఆ వారంలో ఏదో ఒక సాయంత్రం ఫైవిష్ లందావుకి ఫోన్ వస్తుంది. పెళ్ళికి మాత్రం పిలుపు రాదు. పెళ్ళికి పిలిచేస్తే ఇక ఆయన పనికిరాడు.

సంగతేమిటంటే, పెళ్ళయ్యాక ఏడు రోజులపాటు కొత్తజంటకి పూటకో ఇంట్లో విందు. భోజనం చివర గిన్నె నిండా ద్రాక్షసారా పోసి, పందిరి కింద చదివిన ఏడు దీవెనల్నే మళ్ళీ చదవాలి. అందుకు పదిమంది మగవాళ్ళుండాలి. పదిమందిని పోగెయ్యడం పెద్ద పనేం కాదు, ఈ వీధిలో ఒక్కో తండ్రికి ఇంచుమించు అంతమంది కొడుకులు. తిప్పలన్నీ ఆ పదిలో ఒక్కడితోనే. ఆ ఒక్కడు పెళ్ళిలో గానీ, ముందు రోజుల విందుల్లో గానీ కనబడి ఉండకూడదు. కొత్త ముఖం కావాలి. వాడు గుమ్మంలో అడుగు పెడితే సంబరం మళ్ళీ మొదట్నుంచి మొదలైనట్టు. వాడు దొరక్కపోతే ఏడింట్లో చివరి దీవెన ఒక్కటే చదివి లేచిపోవాలి. పెళ్ళికూతురి తల్లి ముందు ఆ మాట అని చూడండి.

మూడు వందలమందిని పెళ్ళికి పిలిచేసి, రెండోనాటికల్లా తెలియని మనిషి ఒక్కడూ మిగల్లేదని జుట్టు పీక్కునే వాళ్ళ కోసం ఫైవిష్ పైవాటాలో ఉండే బ్రైండల్ ఒక నోటుపుస్తకం పెట్టుకుంది. అందులో పదకొండు పేర్లున్నాయి. మిగతా పదిమందీ ఒకసారి ఖాళీగా ఉంటే ఒకసారి ఉండరు. ఫైవిష్ ఎప్పుడూ ఉంటాడు. అరవై ఒక్క ఏళ్ళు, భార్య పోయి తొమ్మిదేళ్ళు, పిల్లల్లేరు, చుట్టాలు లేరు.

"మీరు బంగారం, రెబ్ ఫైవిష్," అంటుంది బ్రైండల్, పేరు ముందు మర్యాదగా 'రెబ్' చేర్చి. "మిమ్మల్ని ఎవరూ దేనికీ పిలవరు."

నిజానికి మెచ్చుకోలుగానే అంటుంది.

ఫోనుకొచ్చే ఓటీపీ లాంటివాడు ఆయన. ఒక జంటకి ఒక్కసారి పనిచేస్తాడు, ఆ తర్వాత చెల్లడు. ఈ తొమ్మిదేళ్ళలో ఆయన చెయ్యి కడుక్కోని ఇల్లు ఆ చుట్టుపక్కల తక్కువే, రెండోసారి కడుక్కున్న ఇల్లు ఒక్కటీ లేదు. నూడుల్స్ కేకులో మిరియాల ఘాటుని బట్టి అది ఎవరి వంటో ఆయన చెప్పగలడు. వాళ్ళు మాత్రం రోడ్డు మీద ఎదురైతే పక్కకి తప్పుకుని వెళ్ళిపోతారు. విందులో ఆయన చెయ్యాల్సింది ఒకటే. గిన్నె నిండాక ఇంటాయన "కొత్త ముఖం ఉందా?" అని అడుగుతాడు. ఫైవిష్ కుర్చీలోంచి సగం లేచి, ఇటు ఒకసారి అటు ఒకసారి తిరిగి, కూర్చుంటాడు. అందరూ చూస్తారు. అయిపోయింది.

పగలంతా ఆయన చూసేది దారాలు. ఉన్నీ, అవిసెనారా కలిసిన బట్ట ఒంటి మీద వేసుకోకూడదని ధర్మం. కొత్త కోటు కొన్నవాళ్ళు దాన్ని ఫైవిష్ దగ్గరికి తెస్తారు. ఆయన కుట్లు నాలుగైదు చోట్ల విప్పి, పోగు లాగి, మైక్రోస్కోపు కింద పెట్టి, బాగుంటే లోపల జేబు మీద చిన్న చీటీ అంటిస్తాడు. పెళ్ళికొడుకుల కోట్లు ఎక్కువగా వస్తాయి. ఆ ఆదివారం కూడా ఒకటి వచ్చింది. కాలరు బిగువుగా నిలబడ్డానికి లోపల నారగుడ్డ పెట్టాడు దర్జీ. ఫైవిష్ దాన్ని ఊడదీసి, వేరే గుడ్డ పెట్టి కుట్టి, చీటీ మీద పేరు రాశాడు. అన్షెల్ సిన్మాన్. మంగళవారం పెళ్ళి.

బుధవారం సాయంత్రం ఫోన్ మోగింది.

"కోటు మీదే ఉందా, తీసేశారా?" అంది బ్రైండల్.

"మీదే ఉంది."

"తియ్యకండి. క్రాట్సర్ వాళ్ళింటికి వెళ్ళాలి. మనవరాలి పెళ్ళి నిన్ననే అయింది, ముసలావిడ కంగారు పడిపోతోంది. పాత ముఖం కాదుగా?"

"కాదు."

క్రాట్సర్ వాళ్ళిల్లు రెండు వీధులవతల. తలుపు తీసింది ఇట్టా అనే ఆ ముసలావిడే. డెబ్భై ఎనిమిదేళ్ళుంటాయి, చేతిలో గరిటె. వెనకాల చక్రాల కుర్చీలో ఆవిడ భర్త హెర్ష్ల్.

"మీరేనా కొత్త ముఖం?"

"అవునమ్మా."

"ఇదేం కొత్తదే? బాగా వాడిన ముఖంలా ఉంది," అన్నాడు హెర్ష్ల్.

"ఆయన మాటలు పట్టించుకోకండి, మోకాళ్ళు పోయాక నోరు ఎక్కువైంది. ఏం తింటారు?"

"ఏదున్నా సరేనమ్మా."

"అలా కుదరదు. మా నాన్న చెప్పేవాడు, ఎవరొస్తే వంట ఒకటి పెరుగుతుందో వాడే కొత్త ముఖం అని. తతిమ్మావాళ్ళంతా దారిన పోయేవాళ్ళట. మీకోసం ఒకటి ఎక్కువ చేస్తేనే ధర్మం. చెప్పండి, ఏం చెయ్యను?"

ఫైవిష్‌కి ఆ ప్రశ్న కొత్త. తొమ్మిదేళ్ళుగా ఎన్నో ఇళ్ళలో తిన్నాడు. ఏం కావాలని అడిగినవాళ్ళు లేరు. అడగని ప్రశ్నకి ఎవరు మాత్రం జవాబు సిద్ధంగా పెట్టుకుంటారు?

"గుడ్లు," అన్నాడు చివరికి. "ఉడికించి, నలిపి, వేయించిన ఉల్లిపాయలు కలిపి. ఉల్లిపాయలు కొంచెం మాడాలి."

"మాడాలా?"

"మా పెర్ల్ మాడ్చేది. పొయ్యి ముందు కీర్తనలు చదువుకుంటూ మర్చిపోయేది. ముప్ఫై ఒక్క ఏళ్ళు అలాగే తిన్నాను."

"అరవై ఏళ్ళ నుంచి మాడకుండా వేయిస్తున్నాను. ఇవాళ్టికి నా చేత ఆ పని కూడా చేయిస్తున్నారన్నమాట," అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది.

కాసేపట్లో ఇల్లంతా పొగ. మనవరాలు, అంటే పెళ్ళికూతురు, తెల్లటి తలగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని దగ్గుతూ కిటికీలు తెరిచింది. "బామ్మా, ఏం తగలబెట్టావ్?" "ధర్మం తగలబెట్టానే, పో అవతలికి." అందరూ నవ్వారు. ఫైవిష్ కూడా నవ్వాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఉప్పు తగ్గింది. పెర్ల్ ఇంకొంచెం వేసేది. అయినా గిన్నె అడుగు దాకా రొట్టెతో తుడుచుకు తిన్నాడు. హెర్ష్ల్‌కి కుడిచెవి వినపడదు. ఎడమ వైపున కూర్చుని ఫైవిష్ ఆయనకి పెర్ల్ గురించి చెప్పాడు. పదేళ్ళైనా పిల్లలు పుట్టకపోతే విడాకులిచ్చి ఇంకో పెళ్ళి చేసుకోవచ్చని, ధర్మమే ఒప్పుకుంటుందని మతగురువు రబ్బీ దగ్గర్నుంచి పాలవాడి దాకా చెప్పారట. ఆ మాట విని ఇంటికొచ్చిన రోజున పెర్ల్ తన బట్టలు సర్దుకుని కూర్చుని ఉందట.

"మరేం చేశారు?"

"మళ్ళీ విప్పి బీరువాలో పెట్టాను. నా మడత ఆవిడకి నచ్చలేదు. మళ్ళీ తీసి మడతపెట్టుకుంది."

హెర్ష్ల్ సీసా అందుకున్నాడు. ఫైవిష్ గ్లాసులో కొంచెం పోశాడు.

గిన్నె నింపారు, ఫైవిష్ సగం లేచాడు, ఇటూ అటూ తిరిగాడు, ఏడు దీవెనలూ చదివారు. వెళ్తుంటే ఇట్టా గుమ్మం దాకా వచ్చి, "మళ్ళీ రండి," అంది.

ఆ మాట ఎవరైనా అంటారు. తలుపు గొళ్ళెం వేసేటప్పుడు నోటికొచ్చే మాట. ఆ సంగతి ఫైవిష్‌కి తెలుసు. కొత్త ముఖానికి మళ్ళీ అనేదే ఉండదని ఇంకా బాగా తెలుసు. అయినా మర్నాడు పొద్దుట మైక్రోస్కోపు మీద వంగి, ఒకే పోగుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ నిజంగా అందా? ఊరికే అందా?

గురువారం సాయంత్రం మళ్ళీ ఫోన్.

"సిన్మాన్ వాళ్ళు," అంది బ్రైండల్. వెనకాల ఆవిడ పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తున్నారు. "పెళ్ళికొడుకు బాబాయి ఇంట్లో విందు. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. అబ్బాయి పేరు అన్షెల్. రాసుకున్నారా? ఒరేయ్, దిగు కిందికి! మీరు వీళ్ళకి కొత్తేగా?"

బ్రైండల్ ఇంటిపేర్లని బట్టి రాసుకుంటుంది. నిన్నటిది క్రాట్సర్, ఇవాళ్టిది సిన్మాన్. ఆవిడ పుస్తకంలో ఈ రెండూ వేరు. కానీ ఫైవిష్ బల్ల మీద ఆదివారం చీటీల నకళ్ళ కట్ట ఇంకా అలాగే ఉంది. అన్షెల్ సిన్మాన్. నిన్న క్రాట్సర్ వాళ్ళింట్లో పెళ్ళికొడుకు వేసుకున్నదీ అదే కాలరు, అదే జంట. కాదమ్మా, నేను నిన్న చూసేశాను వీళ్ళని, అంటే చాలు. అర నిమిషం పని. పుస్తకంలో ఇంకా పది పేర్లున్నాయి.

"కొత్తే," అన్నాడు ఫైవిష్.

ఫోన్ పెట్టేశాక కాసేపు దానివైపే చూశాడు. తర్వాత చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. గడ్డం దువ్వుకున్నాడు. నాలుగు అంతస్తులెక్కుతూ అంతస్తుకో సాకు చెప్పుకున్నాడు. ఇల్లు వేరు కదా. నిన్నటి వాళ్ళలో సగంమంది ఉండరు కదా. ఊరికే గుమ్మంలోంచి ఇట్టాకి ఒక్కసారి కనబడి, ఏదో వంక పెట్టి వచ్చేస్తే? నాలుగో అంతస్తుకి సాకు దొరకలేదు. ఆయాసం మాత్రం వచ్చింది.

"వచ్చాడు, కొత్త ముఖం వచ్చేశాడు!" అంటూ పెళ్ళికొడుకు తండ్రి రెండు చేతులూ పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాడు. ఈయన నిన్న బల్లకి అవతలి చివర కూర్చున్నాడు. ఫైవిష్ అడగని ఉప్పు కూడా అందించాడు. పెళ్ళికొడుకు లేచి చెయ్యి కలిపాడు. "నమస్కారం, మీది ఏ వీధి?" ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఆ కాలరు లోపలి కుట్టు ఫైవిష్ చేత్తో వేసినది.

ఒక్కరికి కూడా గుర్తులేదు.

వెంటనే గుర్తుపట్టి బయటికి పంపేస్తారేమోనన్న భయంతోనే ఫైవిష్ మెట్లెక్కాడు. ఇలా జరుగుతుందని అనుకోలేదు. ఇక ఇబ్బందేం లేదు. హాయిగా కూర్చోవచ్చు, తినొచ్చు, సగం లేవొచ్చు. నిన్నటి మనిషి నిన్నే చెరిగిపోయాడు, ఇవాళ వచ్చినవాడు నిజంగానే కొత్తవాడు. ఎవరో ఆయన ముందు కోడికాలు పెట్టారు. ఆంట్వెర్ప్ నుంచి వచ్చిన ఒకాయన అద్దెల గురించి మాట్లాడాడు. మెట్లు ఎక్కలేక హెర్ష్ల్ రాలేదు. పక్కగదిలో ఆడవాళ్ళ మాటలు కలగాపులగంగా వినబడుతున్నాయి. వాటిల్లో ఒక గొంతు కోసం ఫైవిష్ చెవులు రిక్కించాడు. కోడికాలు చల్లారిపోయింది.

భోజనం అయింది. బాబాయి గిన్నె నింపాడు. అప్పుడే లోపలి గది తలుపు తోసుకుని, కాల్చిన బేరిపళ్ళ పళ్ళెంతో ఇట్టా వచ్చింది. బల్ల చుట్టూ చూసింది. ఫైవిష్‌ని చూసింది. ఆవిడ ముఖం విప్పారింది.

ఎన్నాళ్ళయిందో, ఒక ముఖం తనని చూసి అలా విప్పారి.

"కొత్త ముఖం ఉందా?" అన్నాడు బాబాయి.

పది చేతులు ఫైవిష్ వైపు చూపించాయి. ఇట్టా ఆ చేతుల్ని చూసింది, మళ్ళీ ఆయన్ని చూసింది. నవ్వు అలాగే పెదాల మీద ఆగిపోయింది. ఏమీ అనలేదు. పళ్ళెం కింద పెట్టనూ లేదు.

ఇప్పుడు సగం లేస్తే చాలు. లేస్తే, తన మూలంగా ఇంతమంది కలిసి దేవుడి పేరు పదే పదే ఉత్తినే పలుకుతారు. ఆ సంగతి వాళ్ళకి తెలియను కూడా తెలియదు. పైనుంచి చూస్తే కోటు బాగానే ఉంటుంది. ఒక్క నారపోగు ఎక్కడో కాలరు లోపల ఉంటుంది. అలాంటి కోటు మీద ఫైవిష్ జన్మలో చీటీ అంటించలేదు.

పూర్తిగా లేచి నిలబడ్డాడు.

"నేను కొత్త కాదు," అన్నాడు. "నిన్న క్రాట్సర్ వారింట్లో కూర్చున్నాను. గుడ్లు తిన్నాను."

బాబాయి గిన్నె బల్ల మీద పెట్టేశాడు.

"నిన్నా?" అన్నాడు పెళ్ళికొడుకు. పాపం, గుర్తు తెచ్చుకోవాలని నిజంగానే ప్రయత్నించాడు.

"మరి తెలియక వచ్చారా?" అన్నాడు బాబాయి.

"తెలిసే వచ్చాను."

"తెలిసి ఎందుకయ్యా వచ్చారు?"

దానికి జవాబు పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఫైవిష్ తలొంచుకున్నాడు.

తర్వాతంతా గందరగోళం. బాబాయి భార్య లోపల్నుంచి "నా ఇంట్లో ఒక్క దీవెనేనా? వచ్చేవారం మా వదిన ముందు తలెలా ఎత్తుకోను?" అంటోంది. పెళ్ళికొడుకు తండ్రి బాల్కనీలోకి పరుగెత్తాడు. పైన డాబా మీద నీళ్ళ ట్యాంకు బాగుచేస్తున్న మనిషి ఒకడు కనబడ్డాడు. "అయ్యా! యూదుడివేనా?" "పనికీ దానికీ ఏం సంబంధం?" "మంగళవారం పెళ్ళికొచ్చావా?" "ఎవరి పెళ్ళికి?" "భగవంతుడా, నీకు వేయి దండాలు. దిగు, దిగు!" చేతిలో పానా అలాగే పట్టుకుని దిగాడు. ఎవరో నెత్తిన టోపీ పెట్టారు. అది చెవుల దాకా జారింది. బాబాయి భార్య ఉప్పుదోసకాయల సీసా మూత తీసి ఆయన ముందు పెట్టి, "ఇది మీకోసం ప్రత్యేకంగా," అంది. కొత్త ముఖం ఉందా? ఉంది. ఆ మనిషి సగం కూడా లేవలేదు, దోసకాయ కొరుకుతూ చెయ్యి ఊపాడు.

కోట్లు తగిలించిన గోడ పక్కన నిలబడి ఫైవిష్ ఏడు దీవెనలకీ ఆమెన్ చెప్పాడు. తర్వాత తన కోటు వెతుక్కున్నాడు. అన్నీ నల్లవే. లోపల చీటీలు చూసుకుంటే గానీ ఏది తనదో తెలియలేదు.

రెండో అంతస్తు దాకా దిగాడో లేదో, పైనుంచి పిలుపు.

"రెబ్ ఫైవిష్!"

ఇట్టా కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతోంది. ఆయన పైకెళ్ళబోతే చేత్తో ఆగమంది.

"అబద్ధమాడి వచ్చారు," అంది.

"అవునమ్మా."

"తప్పే. అది మీరూ పైవాడూ చూసుకోండి, నాకెందుకు. నిన్న వెళ్ళేటప్పుడు నేనేమన్నాను?"

"మళ్ళీ రమ్మన్నారు."

"ఎక్కడికి రమ్మన్నాను? ఈ ఇల్లు నాదా? నాలుగు అంతస్తుల ఇంట్లో ఉండేంత పిచ్చిదానిలా కనబడుతున్నానా?"

కాదన్నట్టు ఫైవిష్ తల ఊపాడు.

"రేపు రాత్రి శబ్బాతు. పిల్లలు మా ఇంట్లోనే ఉంటారు. శబ్బాతు వస్తే అదే కొత్త ముఖం, ఇంకెవరూ అక్కర్లేదు. పదిమందీ ఉన్నారు. మీతో నాకు ఏ పనీ లేదు." ఊపిరి తీసుకోడానికి ఆగింది. "రండి."

"వచ్చి ఏం చెయ్యనమ్మా?" నిజంగానే అడిగాడు. పని లేని చోటికి ఎలా వెళ్ళాలో ఆయనకి తెలియదు.

"తినండి. ఇంకేం చేస్తారు?" అని ఆవిడ వెనక్కి తిరిగి మళ్ళీ మెట్లెక్కడం మొదలుపెట్టింది.

శుక్రవారం పొద్దున ఫైవిష్ పైకెళ్ళి బ్రైండల్‌కి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ నోటుపుస్తకం తెరిచి, పెన్ను చేతిలో పట్టుకుని, చాలాసేపు ఆలోచించింది.

"ఇకమీదట పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు రెండూ రాస్తాను," అంది. "మీ పేరు కొట్టెయ్యను. ఖాళీగా ఉండేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? ఇవాళ రాత్రి ఖాళీయేగా, ఎవరికైనా పదో మనిషి తక్కువైతే..."

"ఖాళీ లేను," అన్నాడు. ఆ మాట ఎలా అనాలో సరిగా తెలియక కాస్త గట్టిగా అన్నాడు.

పొద్దుగూకే వేళకి శబ్బాతు విశ్రాంతి మొదలై కార్లు ఆగిపోయాయి. వీధంతా మనుషులే, అందరూ ఇద్దరుగా, నలుగురుగా, పిల్లల్ని మధ్యలో నడిపించుకుంటూ. ఫైవిష్ గోడవారగా నడిచాడు. క్రాట్సర్ వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, ఎవరైనా తలుపు తీస్తే ఏం చెప్పాలా అని ఆలోచించాడు. మామూలుగా అయితే కొత్త ముఖాన్నండీ అంటాడు. ఇవాళ చెప్పుకోడానికి ఆ మాట కూడా లేదు. ఒకసారి వెనక్కి తిరిగాడు. లోపల్నుంచి ఉల్లిపాయ మాడిన వాసన వచ్చింది. శబ్బాతునాడు పొయ్యి ముట్టించరు. అంటే ఎండ ఉండగానే ఎవరో పనిగట్టుకుని మాడ్చి పెట్టారన్నమాట.

తలుపు తీసింది పెళ్ళికూతురు. "బామ్మా, గుడ్లాయన వచ్చారు!" అని లోపలికి కేకేసి వెళ్ళిపోయింది. ఎవరూ లేచి రాలేదు, చేతులు పట్టుకోలేదు. హెర్ష్ల్ ఎడమ పక్కన కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. ఫైవిష్ అందులో కూర్చున్నాడు. చేపల పళ్ళెం ఆయన మీదుగా అటూ ఇటూ వెళ్ళింది. ఎవరో "కాస్త జరగండి" అన్నారు, జరిగాడు. గుడ్లలో ఉప్పు ఈసారి కూడా తక్కువే. ఆ మాట హెర్ష్ల్‌తో అంటే, "ఆవిడతో చెప్పండి, నేను యాభై ఏళ్ళ క్రితం చెప్పి చూశాను," అన్నాడు.

పాటలయ్యాయి. గిన్నె నింపారు. ఎవరో దాన్ని ఎత్తి పట్టుకున్నారు.

ఫైవిష్ సగం లేచాడు. కుడి వైపు తిరిగాడు. ఎవరూ ఆయన్ని చూడటం లేదు. పెళ్ళికొడుకు పెళ్ళికూతుర్ని చూస్తున్నాడు, అతని తండ్రి గిన్నెని చూస్తున్నాడు, ఇట్టా బల్ల మీది రొట్టెముక్కలు ఏరుతోంది.

హెర్ష్ల్ ఆయన కోటు అంచు పట్టుకుని కిందికి లాగాడు.

"కూర్చోండయ్యా," అన్నాడు. "ఇవాళ మీరు కాదు."

ఫైవిష్ కూర్చున్నాడు.